నూట పది మీటర్ల గీత

రెండు వందల పది మీటర్ల గీత మీద గ్లెనిస్ అని మైకులో చెప్పేశారు, గ్యాలరీలో జనం చప్పట్లు కొట్టేశారు, గట్టు మీద గడ్డిలో కూర్చున్నవాళ్ళలో ఎవరో రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల కూడా వేశారు, ఆడవాళ్ళ సైకిల్ పందేనికి ఇంకా గంట ఉంది కాబట్టి కాసేపు నడుం వాల్చమని మొగుడు క్లైవ్ తన పికప్ బండి నీడలో దుప్పటి పరిచాడు, ఆమె వాల్చింది గానీ ఒళ్ళు మండిపోతోంది. రెండు వందల పది. పోయిన క్రిస్మస్ పందేల్లో నూట పది, అంతకు ముందు ఏడు కూడా నూట పదే, యాభై దాటిన మనిషి ఇరవై ఏళ్ళ పిల్లల మధ్య ఆ గీత మీద నిలబడుతోందంటే క్రిస్మస్ నడి ఎండాకాలంలో వచ్చే ఈ తీరంలో ఎవరికైనా దాని అర్థం తెలుసు. సున్నా దగ్గర నిలబడేది అందరిలోకీ గట్టి పిల్ల, ఆమెకి కాస్త ముందు ఇంకొకరు, ఇంకాస్త ముందు ఇద్దరు, అలా ఎవరి సత్తా ఎంత తక్కువైతే వాళ్ళ గీత అంత ముందుకి జరుగుతుంది, తుపాకీ పేలగానే అందరూ ఒక్కసారే బయల్దేరతారు, వెనకవాళ్ళు తరుముకొస్తారు, ముందువాళ్ళు పారిపోతారు. మరి అందరికన్నా ముందు గీత ఎవరికిస్తారు? మొట్టమొదటిసారి పందెంలోకి దిగే బడిపిల్లకి. పురుడు పోసుకుని పట్టుమని మూడు నెలలు కాని బాలింతకి. సరదా పడి పేరిచ్చిన టీచరమ్మకి. ఈ ఏడు గ్లెనిస్‌కి. ఆ చప్పట్లు ఎంత మెత్తగా ఉన్నాయో, పసిపిల్ల బోర్లా పడితే ఇంటిల్లిపాదీ కొట్టినట్టు. పక్క బండి దగ్గర నీలం బనియను పిల్ల, పేరు గుర్తు రాదు, చేతులూపుతూ అరిచింది కూడా, "అదృష్టమంటే నీదే గ్లెనిస్, రెండొందల పది ఇస్తే మా అమ్మమ్మయినా గెలుస్తుంది!" అని. ఆ పిల్ల మంచిదే, మనసులో ఏమీ లేదు, అందుకే ఇంకా మండింది.

ట్రాక్ మధ్యలో గడ్డి మీద గొడ్డళ్ళ పోటీ మొదలైంది. తెల్ల ప్యాంట్లు, తెల్ల బనియన్లు వేసుకున్న మగవాళ్ళు పడుకోబెట్టిన దుంగల మీద ఎక్కి నిలబడి సరిగ్గా తమ రెండు పాదాల మధ్యే గొడ్డలి దింపుతున్నారు, తాజా చెక్క వాసన ఇక్కడిదాకా వస్తోంది, వేడి చిప్స్ మీద చల్లిన వెనిగర్ వాసనలో కలిసి. వాళ్ళలో ఒక్కడి దగ్గరికైనా ఎవరైనా వెళ్ళి, నాయనా, కాలి వేళ్ళు తెగుతాయేమో, నువ్వు కాస్త దూరంగా నిలబడి చిన్న పుల్ల కొట్టుకో, చప్పట్లు మేం కొడతాం అంటారా? అనరు. పోయినేడు ఒకాయన బూటు కోసుకుని రక్తం కారుతుంటే నవ్వుతూ దుంగ పూర్తి చేశాడు, ఈ ఏడు ఆయన అదే దుంగ మీద ఉన్నాడు, అదే వరసలో. కానీ ఆయనకి తెగింది కాలు. ముఖం కాదు. కాలు బూటులో దాగుతుంది, ముఖాన్ని ఎక్కడ దాస్తారు, దాచాలని ఈమె అనుకోకపోయినా చూసేవాళ్ళు తమ కళ్ళని దాచుకుంటారు. క్లైవ్ చేయి ఒక్కసారి ఆమె మొహం మీదుగా గాలిలో ఊగింది. ఈగ. కింది పెదవి మీద వాలినట్టుంది. ఆ పెదవి ఎడమ సగానికీ గడ్డానికీ స్పర్శ లేదు, ఏడాదిలో వస్తే వస్తుంది, లేకపోతే లేదు అని డాక్టరమ్మ చెప్పింది, ఏడాది ఈ వారంతో అయిపోతుంది. రాలేదు. టీ తాగుతుంటే ఓ చుక్క గడ్డం మీదికి జారుతుంది, ఆమెకి తెలియదు, ఎదురుగా కూర్చున్న క్లైవ్ ఏమీ అనకుండా తన గడ్డం తుడుచుకుంటాడు, అప్పుడు ఆమె తన గడ్డం తుడుచుకుంటుంది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే కుదిరిన పద్ధతి అది. ఒకసారి పబ్బులో ఆయన గడ్డానికి నిజంగానే సాసు అంటి తుడుచుకుంటే ఈమె కూడా తుడుచుకుంది, ఆ రోజు నవ్వి నవ్వి ఇద్దరికీ పక్కటెముకలు పట్టేశాయి, పక్క బల్లవాళ్ళు ఏం జరిగిందో తెలియక ఇబ్బందిగా చూశారు. పెదవి చచ్చినా నవ్వొస్తుంది. అది ఈ జనానికి ఎలా చెప్పాలి.

పోయినేడు పందెంలో పడిన రోజు ఎంత గుర్తుంది అని అందరూ అడుగుతారు. ఎంతో లేదు. ఎండ. చివరి నుంచి రెండో చుట్టు. వెనకవాళ్ళు అందుకోబోతున్నారని టైర్ల రొదలో తెలుస్తోంది. ముందు తాలియా వెనక చక్రం, దాని మీద ఎర్రటి చార, ఆ చార తిరుగుతూ తిరుగుతూ గులాబీ రంగు వలయంలా మారడం. తాలియా బేకరీలో పని చేసే పిల్ల, ఇద్దరిదీ ఒకే గీత, ఇద్దరూ ఒకరి వెనక ఒకరు దాక్కుని గాలిని పంచుకుంటూ నడిపేవాళ్ళు, నువ్వో సగం చుట్టు ముందు, నేనో సగం చుట్టు ముందు, ఆ పిల్ల మోచేయి ఊపితే అర్థం ఏమిటో ఈమెకి తెలుసు. ఆ రోజు ట్రాక్ వాలు పైనుంచి ఎవరో దూసుకొచ్చారు, తాలియా అరచేయి వెడల్పంత పక్కకి జరిగింది, గ్లెనిస్ ముందు చక్రం ఆ ఎర్ర చారకి తగిలింది, అంతే, తర్వాత ఆకాశం ఉండాల్సిన చోట తారు ఉంది. ఎవరిదీ తప్పు కాదు. తప్పంటూ ఉంటే వెనకున్న తనదే, ముందున్నవాళ్ళని చూసుకోవాల్సింది వెనకున్నవాళ్ళే, అది ట్రాక్ మీద సాధనకొచ్చిన మొదటి బుధవారమే నేర్పుతారు. కానీ తాలియా ఆసుపత్రికి రాలేదు, వాళ్ళమ్మ చేత పూలు పంపింది. సూపర్ మార్కెట్లో పిండి అరల దగ్గర ఎదురుపడితే బండి తిప్పుకుని పెంపుడు కుక్కల తిండి ఉన్న వరసలోకి పోయింది, ఆ పిల్లకి కుక్క లేదని ఊరందరికీ తెలుసు. పిలవబోయింది గ్లెనిస్. అప్పటికింకా దవడ కట్లలో ఉంది, పిలిస్తే దూడ అరిచినట్టు వస్తుంది. ఊరుకుంది.

ఆ ఊరుకోవడం ఉంది చూశారూ, దాన్ని తలచుకుంటేనే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. దవడ రెండు చోట్ల విరిగింది, చెంప ఎముక లోపలికి నొక్కుకుపోయింది, ముక్కు సంగతి సరే సరి, ముందు పళ్ళు ఐదు పోయాయి, పైపళ్ళనీ కిందిపళ్ళనీ తీగలతో బిగించి ఆరు వారాలు నోరు తెరవొద్దన్నారు. ఇంట్లో మంచం పక్కన మేకుకి తీగలు కత్తిరించే పట్టకారు వేలాడేది, వాంతి వస్తే ఊపిరాడక చచ్చిపోకుండా తీగలు తెంచడానికి ఆసుపత్రివాళ్ళు చిన్నది ఒకటిచ్చారు, క్లైవ్‌కి దాని మీద నమ్మకం కుదరక కంచె తీగలు కోసే తన పెద్దదాన్ని కడిగి, మరిగించి, దాని పక్కనే తగిలించాడు. రాత్రి ఆమె దగ్గితే చాలు లేచి దాన్ని పట్టుకునేవాడు. నాయనా, నువ్వు దాంతో నా దగ్గరికి రాకు, నేనే బతికేస్తాను అని చేతులతో సైగ చేసేది. ఆదివారం కాల్చిన గొర్రెమాంసం, గుమ్మడికాయ, తన పొలంలో బంగాళాదుంపలు, పుదీనా సాసుతో సహా అన్నీ మిక్సీలో వేసి తిప్పి, బూడిద రంగు చిక్కటి నీళ్ళు గ్లాసులో పోసి స్ట్రా వేసి, పైన పుదీనాకు కూడా పెట్టి ముందుంచాడు. దాన్ని చూసి ఏడుపొచ్చింది, తీగల వెనక ఏడిస్తే ముక్కు మూసుకుపోతుంది, ముక్కు మూసుకుపోతే ఊపిరాడదు, కాబట్టి ఏడవడం మానేసి తాగింది. రుచి బాగుంది. ఆ ఆరు వారాలూ ఆమె గురించి అందరూ మాట్లాడారు, ఆమె ముందే, ఆమె మంచం చివర నిలబడి. ఇంక సైకిల్ ఎక్కదులే. షెడ్డులో ఉన్నదాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యడం మంచిది. బడి బస్సు నడిపే పని కూడా కొన్నాళ్ళు మానేస్తే నయం. నోరు మూసుకుని ఉన్న మనిషి ఒప్పుకున్నట్టే అని లోకానికి గట్టి నమ్మకం. అక్క మర్లీన్ అయితే దువ్వెన పట్టుకొచ్చి జుట్టు ఎడమ చెంప మీదికి దువ్వి, చేతి అద్దం చూపించి, "ఇటుపక్క పడేలా కత్తిరించుకుంటే సగం కనపడదే, ఫొటోల్లో కుడివైపు తిరుగు, సరిపోతుంది" అంది. అక్కకి ఆమె అంటే ప్రాణం. అక్క ఆసుపత్రి కారిడార్లో గోడకి తల ఆనించి ఏడ్చిందని క్లైవ్ చెప్పాడు. అయినా సరే, అక్క వెళ్ళాక గ్లెనిస్ వంటింటి కత్తెర తీసుకుని ఆ పక్క జుట్టు చెవి కనపడేదాకా కత్తిరించుకుంది. ఎగుడుదిగుడుగా వచ్చింది. ఇప్పటికీ అలాగే ఉంచింది.

బస్సులో పిల్లలే నయం. డ్రైవరు తల మీద వెనక సీట్లు కనపడేలా పెద్ద అద్దం ఉంటుంది కదా, ఆమెకి వాళ్ళు కనపడినట్టే వాళ్ళకి ఆమె ముఖం, సగం గోడంత, రోజూ బడికెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కనపడుతూనే ఉంటుంది. మొదటి రోజు బస్సంతా చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఉల్లి పొలాల మలుపు దాటాక వెనక నుంచి ఓ గొంతు, "లోపల ఇనుముందంట కదా, అయస్కాంతం పెడితే అంటుకుంటుందా?" ఇనుము కాదు, టైటానియం, అంటుకోదు అని చెప్పింది. మర్నాడు ముగ్గురు నమ్మక అయస్కాంతాలు తెచ్చారు. దిగేటప్పుడు ఒక్కొక్కరు ఆగి చెంపకి ఆనించి చూసి, నిరాశపడి, దిగిపోయారు. అంతటితో అయిపోయింది, మూడో రోజుకి మామూలు గోల, కిటికీ సీటు కోసం కొట్టుకోవడం, అరటిపండు తొక్కలు విసురుకోవడం, ఆమె మామూలు అరుపులు. పెద్దవాళ్ళకి అయస్కాంతం పెట్టి చూసుకునే ధైర్యం లేదు. వాళ్ళు చెవి వైపు చూస్తూ మాట్లాడతారు. చాలా బాగున్నావు గ్లెన్, అసలు తెలియనే తెలియడం లేదు అంటారు చెవితో. తెలియకపోవడం ఏమిటి, చెంప మీది నుంచి పై పెదవి దాకా మచ్చ దిగింది, ముక్కు కుడికి తిరిగింది, పళ్ళు కొత్తవి, నవ్వితే ఒక పక్కే నవ్వుతుంది. తెలియకపోతే మీకు కళ్ళ డాక్టరు కావాలి. ఇది నా ముఖం. దీనితోనే దుంపలు కొలిచాను, దీనితోనే బస్సు నడిపాను, దీనితోనే చలికాలమంతా క్లైవ్ దుంపల షెడ్డులో కదలని సైకిలెక్కి తొక్కి తొక్కి, నేలంతా చెమటతో తడిపాను.

నెవిల్ ఒక్కడే సరిగ్గా మాట్లాడాడు. అదే బాధ ఇప్పుడు. నెవిల్ కాకుండా ఇంకెవరైనా ఈ రెండు వందల పది ఇచ్చి ఉంటే ఆమె నవ్వి ఊరుకునేది, ఒంటి పక్క నవ్వే అయినా. ఎవరి గీత ఎక్కడో తేల్చేది నెవిల్, ఆమె పదహారేళ్ళ పిల్లగా మొదటిసారి ముందు గీత మీద వణుకుతూ నిలబడ్డప్పుడు కూడా తేల్చింది నెవిలే, అప్పట్లో సైకిల్ మీద ఉత్తరాలు పంచేవాడు, ఇప్పుడు మోకాళ్ళు పోయి బల్ల మీద కూర్చుని బుధవారం సాయంత్రాలు అందరినీ చూస్తాడు, చేతిలో స్టాప్ వాచీ, ఎవరు నిజంగా అలిసిపోయారో ఎవరు మంచి గీత కోసం అలిసినట్టు నటిస్తున్నారో చూసీ చూడగానే పట్టేస్తాడు. ఆ ముందు గీత నుంచి నూట పదికి రావడానికి ఆమెకి సగం జీవితం పట్టింది, వెనక్కి జరిగిన ప్రతి పది మీటర్లూ సంపాదించుకున్నవే, ఈ ముసలాడు ఊరికే ఒక్క మీటరు కూడా వెనక్కి జరపడు. ఆసుపత్రిలో నాలుగో రోజు, ముఖం గుమ్మడికాయంత ఉబ్బి ఒక కన్ను మాత్రం తెరుచుకుంటున్నప్పుడు వచ్చాడు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని చాలాసేపు చూశాడు, తిన్నగా ముఖంలోకే, తర్వాత, "నా దగ్గర మంచి గీత కొట్టెయ్యడానికి జనం నానా వేషాలు వేశారు గ్లెన్, దగ్గారు, కుంటారు, టైర్లలో గాలి తీసుకున్నారు, కానీ మూతి పగలగొట్టుకున్నదానివి నువ్వొక్కదానివే. పప్పులుడకవు. నూట పదే" అన్నాడు. నవ్వితే తీగలు చిగుళ్ళలోకి దిగాయి, నర్సు పరిగెత్తుకొచ్చింది, ఎవరయ్యా నువ్వు అని ఆయన్ని బయటికి పంపింది. ఆ ఆరు వారాలూ ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె బతికింది అంటే అతిశయోక్తి కాదు. నూట పదే. అంటే ఒక మనిషి లెక్కలో నేను ఇంకా ఉన్నాను, ఉన్నచోటే ఉన్నాను.

మరి ఇప్పుడెందుకు? కాళ్ళు తగ్గాయా? తగ్గలేదు. బుధవారాలు చుట్టు కాలం పోయినేడు ఎంతో ఇప్పుడూ అంతే, చెప్పినవాడు అతనే, వాచీ చూపించి మరీ చెప్పాడు. ఆమె ఒంటరిగా చుట్లు కొట్టినంతసేపూ బల్ల మీద ముందుకి వంగి చూస్తాడు. తర్వాత అందరూ గుంపుగా నడిపే వంతు వస్తుంది, చక్రానికి చక్రం జానెడు దూరంలో, మోచేతులు తగిలేలా, అప్పుడు? అప్పుడు నెవిల్ ఎటు చూస్తాడు? గ్లెనిస్ దుప్పటి మీద లేచి కూర్చుంది. గుంపు కదిలేటప్పుడు నెవిల్ ఫ్లాస్కు మూత తీస్తాడు. టీ పోసుకోవడానికి అటు తిరుగుతాడు. ప్రతి బుధవారం. ఒక కప్పు టీ పోసుకోవడానికి అంతసేపు పడుతుందా ఎవరికైనా? ఆమె గుంపులోంచి బయటికొచ్చి విడిగా దిగేదాకా ఆ ముఖం ఇటు తిరగదు. అమ్మ నెవిలూ! పోయినేడు తారు మీద మోకాళ్ళూని పళ్ళు ఏరింది అతనే కదా, ఊడిన పళ్ళు పాలలో వేస్తే మళ్ళీ అతికించొచ్చని టీ బల్ల దగ్గర పాలు పోయించుకున్న కాగితం కప్పులో, ఆ పోయిన మోకాళ్ళతో, ఎండలో, ఒక్కొక్కటే వెతికి, ఐదు దొరికేదాకా లేవలేదని క్లైవ్ చెప్పాడు. పళ్ళు మళ్ళీ అతకలేదు, కానీ ఐదూ దొరికాయి. ముందు గీత మీద నిలబడ్డవాళ్ళ పక్కన ఎవరుంటారు? మహా అయితే ఓ బడిపిల్ల. గుంపంతా వంద మీటర్ల వెనక. ముందు చక్రం లేదు, పక్కన మోచేయి లేదు, చివరిదాకా ఒక్కతే పోతుంది, ఎవరూ తగలరు. ఇది జాలి కాదు. ఇది పిరికితనం, అతని పిరికితనం, నన్ను గాజు గిన్నెలా అటక మీద పెడుతున్నాడు. ఇది కోపమో ఇంకేదో ఆమె విడదీయలేకపోయింది, రెండూ ఒకటే చోట ఉన్నాయి. ఎవరైనా నీ కోసం అంత భయపడ్డారంటే కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలేమో. కానీ వాళ్ళ భయం మోయడానికి నా గీతే దొరికిందా?

క్లైవ్ టైర్లు బొటనవేలితో నొక్కి చూసి సైకిల్ దించాడు. చెమటకి నీలుక్కుపోయిన టోపీ, ఎర్రగా కాలిన మెడ. పందెంలో ఆమెని సీటు పట్టుకుని నిలబెట్టి, తుపాకీ పేలగానే ముందుకి తోసేది ఆయనే, దుంపల బస్తాలెత్తిన చేతులు, ఆ తోపుకి సగం మంది కుళ్ళుకుంటారు.

"పద," అన్నాడు. "ఇచ్చింది పుచ్చుకో గ్లెన్. గెలిచి రా. తర్వాత నెవిల్‌ని ఎంతసేపైనా తిట్టుకో, నేనూ తిడతాను."

"గెలవడానికి రాలేదు."

"మరెందుకొచ్చినట్టు? ఎండకి కాలడానికా?"

ఆమె హెల్మెట్ బిగించుకుంది, గడ్డం కింద పట్టీ బిగిసిందో లేదో ఎడమవైపు తెలియదు కాబట్టి ఎప్పటిలాగే ఆయన వేలు దూర్చి చూశాడు.

ట్రాక్ వేడిగా ఉంది. ముందు గీత గ్యాలరీకి ఎదురుగా, అటువైపు మలుపు దగ్గర, అక్కడ పళ్ళకి క్లిప్పులున్న బడిపిల్ల ఒకతె అప్పటికే వాళ్ళ నాన్న పట్టుకుంటే సైకిల్ మీద కూర్చుని వణుకుతోంది. గ్లెనిస్‌ని చూసి నవ్వబోయి క్లిప్పులు కనపడకుండా పెదవులు మూసుకుంది. తెరువు తల్లీ, నోరు తెరిచే నవ్వు, పళ్ళున్నప్పుడే అని చెప్పాలనిపించింది. నెవిల్ చేతిలో జెండాతో గీతలన్నీ తనిఖీ చేసుకుంటూ అక్కడికే వచ్చాడు, అట్ట మీద పెన్సిలుతో టిక్కు పెట్టుకుని, ఆమె ముఖంలోకి చూడకుండా సైకిల్ ముందు చక్రానికి చెప్పాడు, "సరిగ్గా గీత మీదే, గ్లెన్. దాటొద్దు."

"దాటితే తప్పు. వెనక నిలబడితే?"

"వెనక ఎవడు నిలబడతాడు?"

"తప్పా కాదా చెప్పు."

నెవిల్ పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు. గీతకి ముందు నిలబడితే పందెం నుంచి తీసేస్తారు, వెనక్కి మాత్రం ఎంత దూరమైనా పోవచ్చు, ఇచ్చిన దూరాన్ని వదులుకునే వెర్రివాళ్ళు ఇంతవరకు పుట్టలేదు గనక దాని గురించి ఎవరూ ఏ నిబంధనా రాయలేదు. అది అతనికీ తెలుసు.

"ఇక్కడైతే ఈ పిల్ల తప్ప నీ దగ్గర ఎవరూ ఉండరు," అన్నాడు నెమ్మదిగా. "అక్కడ ఆరుగురు ఉంటారు నీ చుట్టూ. ఆరు జతల చక్రాలు."

"అందుకే."

"నేను చూడలేనే." గొంతు సన్నగా వచ్చింది, ఎప్పుడూ వినని గొంతు. "ఇంకోసారి నేను ఏరలేను గ్లెన్. నా వల్ల కాదు."

ఏం చెప్పాలి ఈ మనిషికి? నీ వల్ల కాకపోతే ఇంకొకరు ఏరుతారు అందామనుకుంది, అది మరీ కటువుగా ఉంటుంది. ఇప్పుడున్నవి పెట్టుడు పళ్ళు, రాలితే తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంటాను అని నవ్విద్దామనుకుంది, అదీ రాలేదు. "నాకూ భయమే నెవిల్," అంది చివరికి. "నీకంటే ఎక్కువే. అయినా నువ్వు నూట పదే అన్నావు. నేను ఆ మాట మీదే అన్నం తిన్నాను, అన్నం కూడా కాదు, నీళ్ళు తాగాను. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవడానికి నీకు హక్కు లేదు."

అతను ముఖంలోకి చూశాడు. ఆసుపత్రి తర్వాత ఇదే మొదటిసారి. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే దాచుకోకుండా అలాగే చూసి, జెండా ఎత్తి వెనక్కి చూపించాడు, పో మరి అన్నట్టు.

ఆమె సైకిల్ తిప్పింది. క్లైవ్ ఓ నిట్టూర్పు విడిచి టోపీ సర్దుకుని వెంట నడిచాడు, "వంద మీటర్లు ఎదురు నడిపిస్తున్నావు, నా బూట్లకి పందెం పెట్టారా ఏమిటి" అని గొణుగుతూనే. ఎదురుగా గ్యాలరీ. అందరూ ఒకవైపు చూస్తూ నిలబడ్డ చోట వ్యతిరేక దిక్కున నడవడం ఎంత విచిత్రంగా ఉంటుందో, ప్రతి గీత మీదా ఒక ముఖం ఇటు తిరుగుతుంది, నీలం బనియను పిల్ల నోరు తెరిచేసింది, గట్టు మీద నుంచి ఎవరో, "ఓ గ్లెనిస్! దారి తప్పావు, నీ గీత అటుంది!" అని అరిచారు, నవ్వులు. నవ్వండి. ఇంకెవరో, "ఎండదెబ్బ తగిలినట్టుంది పాపం!" అన్నారు. పాపం మీ ఇంట్లో పెట్టుకోండి. సూర్యుడు తిన్నగా ఎడమ చెంప మీదే పడుతున్నాడు, మచ్చ మీద, జుట్టు లేని పక్కన, ఆమె తల కాస్త కూడా అటు తిప్పలేదు, చూసుకోండి, మొత్తం చూసుకోండి, పోయినేడు ఇదే చోట చూడలేక కళ్ళు మూసుకున్నవాళ్ళు ఇప్పుడు తీరిగ్గా చూసుకోండి. నవ్వులు తగ్గాయి. నడిచేకొద్దీ గ్యాలరీలో ఒక్కొక్క వరస మాట్లాడడం ఆపేసింది, ఎక్కడికి పోతోందో వాళ్ళకి అర్థమవుతోంది, ఇది సైకిళ్ళ ఊరు, అర్థం కాకపోవడమంటూ ఉండదు. మర్లీన్ మూడో వరసలో లేచి నిలబడింది, చేతిలో ఐస్‌క్రీమ్ కారిపోతోంది, "ఏమే, పిచ్చెక్కిందా నీకు!" అని అరిచి, అంతలోనే ఏమనుకుందో పక్కనున్న పరాయివాడి భుజం పట్టుకుని, "అది మా చెల్లెలు" అంది. అది కూడా వినపడింది. ఈ ట్రాక్ మీద అన్నీ వినపడతాయి.

నూట పది గీత మీద తాలియా ఉంది. వాళ్ళన్న సీటు పట్టుకుంటే పెడల్స్ మీద కాళ్ళు బిగించుకుని, తల వంచుకుని ఉంది, పక్కన సైకిల్ ఆగిన చప్పుడుకి తిరిగి చూసి, చూసిన వెంటనే ముఖం తిప్పేసుకుంది. మెడ మీద నరాలు కనపడుతున్నాయి. ఇరవై రెండేళ్ళ పిల్ల ఏడాది పాటు సూపర్ మార్కెట్లో ఎన్ని వరసలు మారిందో.

"ఇది నా గీత," అంది తాలియా హ్యాండిలు వైపు చూస్తూ. "మీది అక్కడ."

"ఇద్దరికీ చాలు. జరుగు."

"వద్దు గ్లెనిస్. ప్లీజ్. మీరు నా పక్కన వద్దు."

"తాలియా. ఇటు చూడు."

చూడలేదు. వాళ్ళన్న క్లైవ్ వైపు చూశాడు, క్లైవ్ తన పాటికి తను సీటు కింద చేయి సర్దుకుంటున్నాడు.

"చూడమంటున్నానా."

చూసింది. ముందు కళ్ళు, తర్వాత చెంప, తర్వాత మచ్చ వెంటే దిగి పెదవి దాకా, ముక్కు దాకా, మళ్ళీ కళ్ళు. గ్లెనిస్ కదలకుండా చూడనిచ్చింది. బస్సులో పిల్లల ముందు వంగినట్టే కాస్త వంగింది కూడా, బాగా కనపడేలా. ఆ పిల్ల కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారి కళ్ళజోడు కిందికి జారాయి.

"అయిందా?"

తాలియా తలూపింది.

"అయితే ముందుకి చూడు. పందెం అటుంది. మొదటి సగం చుట్టు నువ్వు ముందు, నీ వెనక నేను. గాలి గట్టిగా ఉంది, మోచేయి ఊపడం మర్చిపోకు."

అవతల మలుపు దగ్గర నెవిల్ అన్ని గీతల వైపూ ఒకసారి చూసి జెండా ఎత్తాడు. ఈసారి ముఖం అటు తిప్పుకోలేదు. క్లైవ్ అరచేయి నడుం కింద వేడిగా ఆనింది, ఊపిరి బిగబట్టాడని తెలుస్తోంది. తుపాకీ పేలింది, ఆయన తోసిన తోపుకి ఆమె సీటులోంచి లేచినంత పని అయింది, ఎదురుగాలి పళ్ళ సందుల్లోంచి లోపలికి దూరింది, పెదవి సగం చల్లగా ఉంది, సగం అసలు లేదు. తాలియా వెనక చక్రం ఆమె ముందుకొచ్చి తిరగడం మొదలుపెట్టింది, ఎర్ర చార ఒక్కొక్కసారి కనపడి, గబగబా కనపడి, వలయమైపోయింది. గ్లెనిస్‌కి భయం వేసింది, చేతులు బ్రేకులు వెతికాయి, ఈ సైకిళ్ళకి బ్రేకులుండవు. ఆ భయంతోనే ఆమె తల దించి, ఇంకో జానెడు దగ్గరికి తొక్కింది.